పుర్రచేతి గోడ

జాతీయ వారసత్వ దినం దగ్గర పడుతోందంటే ఊళ్లో ప్రతివాడికీ తాతలు పుట్టుకొస్తారు. ఏడాది పొడుగునా కన్నతండ్రికి కళ్లజోడు మార్పించే తీరిక లేనివాళ్లు కూడా ఆ వారం రోజులూ ముత్తాత పేరెత్తి కళ్లొత్తుకుంటారు. కిందటేడు కాగితాల దుకాణం ఆయన తన ముత్తాత రాజుగారి కొలువులో కలాలు చెక్కేవాడని వేదికెక్కి ప్రకటించాడు. ఏ రాజుగారని ఎవరో అడిగితే, "అప్పుడున్నాయన" అన్నాడు. చప్పట్లు కొట్టారు. అంతకు ముందేడు మందుల దుకాణం వాళ్ల తాతమ్మ ఒక్క మూలికతో ఊరి జ్వరమంతా దించేసింది. ఆ మూలికేదో చెప్పమంటే కుటుంబ రహస్యమన్నారు. వాళ్ల అంగట్లో మాత్రం ఇప్పటికీ బిళ్లలే అమ్ముతారు.

అలాంటి తాతల సంతలో కల్తీ లేని ముత్తాత ఉన్నది తనకొక్కడికేనని పుర్రమేస్త్రీ నమ్మకం.

ఆయన తాపీమేస్త్రీ. డెబ్బై ఒకటో ఏడు నడుస్తున్నా నిచ్చెన ఎక్కేటప్పుడు ఎవరి భుజమూ పట్టుకోడు. తాపీ ఎడమచేత్తో పడతాడు కాబట్టి పుర్రమేస్త్రీ అయ్యాడు. చిన్నప్పుడు బళ్లో పంతులు ఆ ఎడమచేతి కణుపుల మీద చెక్కబద్ద విరిగేదాకా కొట్టి, పలక కుడిచేతికి మార్పించాడు. దాంతో ఐదో తరగతి దాకా కుడిచేత్తో రాశాడు, ఆపైన ఎడమచేత్తో బతికాడు. ఆ కుడిచేతి రాత ఈనాటికీ ఎవరికీ అర్థం కాదు. ఎడమచేతి గోడకు ఈనాటికీ ఎవరికీ వంక దొరకలేదు.

ఆయన చేసిన పనులు చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు, కానీ ఆయనకు చాలుతుంది. పెద్దాసుపత్రి పొడుగు వరండా ఆయనదే. నూటపాతిక అడుగుల గోడ మీద ఈ చివర రసమట్టం పెడితే బుడగ ఆ చివరి దాకా మధ్యలోంచి కదలదు. బాలికల బడి వేదిక ఆయనదే. సరుకుల గోదాము లోపలి గోడలు నాలుగూ ఆయనవే. వాటి మీద చీమ కూడా జారిపడుతుందంటాడు. జైలు బయటి గోడకు పూత పూసినప్పుడు లోపలివాళ్లు పట్టు దొరక్క పారిపోవడం మానేశారని జైలు అధికారి మెచ్చుకున్నాడట. ఆ అధికారి బదిలీ అయ్యి నలభై ఏళ్లయింది కాబట్టి ఎవరూ కాదనలేదు.

"ఊరందరి గోడలూ అద్దాల్లా చేశావు. నా వంటింటి గోడకు వీపు ఆనిస్తే మాత్రం బట్ట చిరిగిపోతుంది" అనేది భార్య. నలభై ఎనిమిదేళ్ల కాపురంలో ఆవిడ ఈ మాట ఎన్నిసార్లందో లెక్కలేదు. ఆయన ఎన్నిసార్లు విన్నాడో మాత్రం లెక్కుంది. ఒక్కసారి కూడా వినలేదు.

ఆ వంశంలో ఒక వింత ఉంది. ప్రతి తరంలోనూ ఒక్కరికే పుర్రచేతి వాటం వస్తుంది, వచ్చినవాళ్లకే తాపీ దక్కుతుంది. ముత్తాతకు వచ్చింది, తాతకు వచ్చింది, తండ్రికి వచ్చింది, ఈయనకు వచ్చింది. కొడుకుకు రాలేదు. కొడుకు కుడిచేతివాడై పుట్టి, పోయి పోయి గోడలకు అంటించే పలకల వ్యాపారం పెట్టాడు. పూత పని పొట్ట కొట్టేది ఆ పలకలే. "ఇంట్లోనే పామును పెంచాను" అని మేస్త్రీ నలుగురిలో అంటే, "పాము కాదు నాన్నా, షోరూము" అనేవాడు కొడుకు. ఒక తరం దాటేసి ఆ చేతివాటం మనవరాలికి వచ్చింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. కట్టడాల చదువు చదివి, ఏడాదిన్నరగా తాత పక్కనే పరంజా మీద నిలబడి పని నేర్చుకుంటోంది. ఆ పిల్ల పచ్చిపూతను నున్నచేసే చెక్క తిప్పే తీరు చూస్తుంటే మేస్త్రీకి కడుపు నిండుతుంది. అయితే ఆ మాట ఆ పిల్లతో అనడు. "మణికట్టు బిగించకు, అది గోడ, గొంతు కాదు" అంటాడు.

ఇక ముత్తాత సంగతి. టౌన్‌హాలు కట్టి నూటపది ఏళ్లు. ముత్తాత తన నోటితో చెప్పింది ఒక్క ముక్కే: "టౌన్‌హాలు కట్టేటప్పుడు నేను పని చేశాను." ఆ మాట తాత నోట్లో పడేసరికి, "టౌన్‌హాలు గోడ మా నాన్నదే" అయింది. తండ్రి దాన్ని ముందుకు జరిపి ముఖద్వారం గోడ దగ్గర నిలబెట్టాడు. పుర్రమేస్త్రీ చేతికొచ్చాక ముఖద్వారం గోడతోపాటు పైనున్న వంపు కమాను, దానికి రెండు వైపులా ఉన్న లతల అచ్చులు కూడా ముత్తాత చేతిపనే అయ్యాయి. వంశానికి ఆస్తి పెరగలేదు గానీ ముత్తాత మాత్రం తరానికింత పెరిగాడు.

ఈ ఏడు వారసత్వ దినానికి పట్టణ సంఘం కొత్త ఆలోచన చేసింది. ఉపన్యాసాలు చాలు, ఈసారి పాత కట్టడాలు చేసిన పనివాళ్ల వారసులకు పతకాలిచ్చి, ఆ గోడల మీద ఫలకాలు పెడదామని. ఉత్సవ కార్యదర్శి స్వయంగా మేస్త్రీ ఇంటికొచ్చాడు. ఆఫీసులో పెద్ద గుమాస్తా ఆయన. చంకలో దస్త్రం లేకపోతే ఒంటి మీద చొక్కా లేనట్టు సిగ్గుపడతాడు.

"మేస్త్రీగారూ, అందరికన్నా ముందు మీ పేరే రాశాను. ఫలకం చెక్కడానికి కూడా ఇచ్చేశాం. మీ ముత్తాతగారి పేరు, 'ఈ గోడ ఈ పనివాడి చేతి చలవ' అని. బావుందా?"

"చలవ సరే. అక్షరాలు ఎంత లావు?"

"రెండంగుళాలు."

"ముందు వరసలో కూర్చున్నవాడికి కనబడతాయి. వెనక వరసవాళ్లు ఏం పాపం చేశారు?" అన్నాడు మేస్త్రీ. అక్షరాలు మూడంగుళాలయ్యాయి.

"ఇంకొక్క చిన్న పని ఉందండి. ద్వారం పక్కన ఇంతమేర రంగులు గీకించి, అసలు పూత కనబడేట్టు చేసి, గాజుపలక బిగిద్దామనుకుంటున్నాం. మా కూలీలు గీకితే గోడే ఊడొస్తుంది. మీరే గీకాలి. ఆనక ఈ కాగితం మీద సంతకం." ఆ కాగితంలో ఇలా ఉంది: 'ఈ కట్టడం నా పూర్వీకుడు చేసిందేనని పని లక్షణాలను పరిశీలించి ధ్రువీకరిస్తున్నాను.'

పరిశీలించేదేముంది, నూరేళ్లుగా వింటున్నదే కదా అనుకున్నాడు మేస్త్రీ.

ఆ సాయంత్రానికే కొడుకు షోరూము ముందు కొత్త బోర్డు వెలిసింది: 'నూటపది ఏళ్ల వారసత్వం'. కింద పలకల బొమ్మలు.

ఉత్సవం ఇంకా నాలుగు రోజులుందనగా మేస్త్రీ, మనవరాలు కలిసి గీకుడు మొదలుపెట్టారు. ముందు గులాబీరంగు వచ్చింది. అది ఇప్పటి కమిషనరమ్మది. దాని కింద ఆకుపచ్చ, అంతకు ముందున్నాయనది. ఆపైన పసుపు, నీలం, మళ్లీ పసుపు, పేరు తెలియని రంగులు ఇంకో రెండు. వచ్చిన ప్రతి అధికారీ ఊరికి చేసిన సేవంతా పొరలుపొరలుగా ఊడి కింద గుట్ట పడింది. ఏడో పొర దిగాక పాత సున్నపు పూత బయటపడింది. ఏనుగు దంతంలా ఉంది. మేస్త్రీ దాని మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు.

"తాతా, టార్చి పట్టనా?" అంది మనవరాలు.

ఎంత నున్నటి గోడైనా పక్క నుంచి వెలుగు పడితే దాగదు. పచ్చిగా ఉన్నప్పుడు తిప్పిన చెక్క జాడ విసనకర్రల్లా పరుచుకుని కనబడుతుంది. కుడిచేతివాడు తిప్పితే ఆ విసనకర్రలు కుడికి వాలతాయి. పుర్రచేతివాడు తిప్పితే అద్దంలో చూసినట్టు ఎడమకు వాలతాయి. చేతిరాతనైనా దొంగిలించవచ్చు గానీ దీన్ని దొంగిలించలేరు. ఇది చదవగలిగినవాళ్లు ఆ ఊళ్లో ఇద్దరే ఉన్నారు. ఆ ఇద్దరూ ఇప్పుడు ఆ గోడ ముందే నిలబడి ఉన్నారు.

విసనకర్రలన్నీ కుడికి వాలి ఉన్నాయి.

మనవరాలు టార్చి ఇటు మార్చింది, అటు మార్చింది. "తాతా..."

"ఆపు. కళ్లకు కొడుతోంది" అన్నాడు మేస్త్రీ. టార్చి ఆయన కళ్ల మీద లేదు.

ఇంటికొచ్చి మాట్లాడకుండా తిన్నాడు. మెతుకు రాలినా మూడు మాటలనే మనిషి ఉప్పు తక్కువైనా ఏమీ అనకపోయేసరికి భార్య కంచం తీసి పక్కన పెట్టి కూర్చుంది.

"ఏంటయ్యా సంగతి?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఇంత నిశ్శబ్దమా ఈ ఇంట్లో? పిల్లా, నువ్వు చెప్పవే."

మనవరాలు చెప్పింది. ఆవిడ "మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అని నలభై ఎనిమిదేళ్లు నా దగ్గర ఊదరగొట్టావు. తీరా చూస్తే నెయ్యి పక్కింటాళ్లదన్నమాట" అంది. అని, ఆయన మొహం చూసి, మళ్లీ కంచం ముందుకు జరిపింది.

కొడుకు మాత్రం తేలిగ్గా తీసుకున్నాడు. "ఇందులో ఏముంది నాన్నా? సంతకం పెట్టెయ్. గోడ మాట్లాడుతుందా, ముత్తాత లేచొస్తాడా? బోర్డు కూడా రాయించేశాను."

"నీకేంరా, నువ్వు గోడ మొహం కనబడకుండా పలకలు కప్పేసేవాడివి" అన్నాడు మేస్త్రీ. అయితే ఎప్పుడూ ఉండే కారం ఆ మాటలో లేదు.

నిజం చెప్పాలంటే ఆయనకూ అదే ఆలోచన వచ్చింది. చూసింది ఇద్దరే. మనవరాలు ఇంట్లో పిల్ల. సంతకం పెడితే పతకం, ఫలకం, మూడంగుళాల అక్షరాలు. పెట్టకపోతే యాభై ఏళ్లుగా ఊళ్లో ఎంతమందికి ఆ గోడ చూపించి గొప్పలు పోయాడో అంతమందీ ఎదురొస్తారు. కక్కలేడు, మింగలేడు.

తెల్లారగానే టార్చి పట్టుకుని ఒంటరిగా టౌన్‌హాలుకు పోయాడు. ముందు గోడ కాకపోతే పక్క గోడ, అదీ కాకపోతే లోపలి గోడ. ముత్తాత అబద్ధం ఆడి ఉండడు కదా. రంగులు బయటి మొహానికే గానీ లోపలికి రాలేదు. సభాభవనం చూశాడు, కుడి. మెట్ల దారి, కుడి. దస్త్రాల గదిలో బీరువా వెనక్కి తల దూర్చి, దుమ్ముకు పదిసార్లు తుమ్మి మరీ చూశాడు, అదీ కుడే. అన్నీ ఒక్కడి పనే. చెయ్యి తిరిగినవాడే, పని కూడా చెడ్డది కాదు. ఆ మాట ఒప్పుకోవడానికి మేస్త్రీకి రెండో అంతస్తు దాకా పట్టింది.

ఇలా పదకొండింటి దాకా తిరిగేసరికి, డెబ్బై దాటిన మనిషికి ఎక్కడికి వెళ్లాల్సి వస్తుందో అక్కడికి వెళ్లాల్సి వచ్చింది. భవనం వెనక, పెరటి గోడను ఆనుకుని, మగవాళ్ల మూత్రశాల ఉంది. ఊళ్లోకి పని మీద వచ్చిన ప్రతి మగవాడికీ దిక్కు అదే. మేస్త్రీ నలభై ఏళ్లుగా వస్తూ పోతూ ఉన్న చోటే. లోపల చీకటి కాబట్టి టార్చి చంకలో ఇరికించుకుని నిలబడ్డాడు. చంకలోని టార్చి పక్క నుంచి గోడ మీద పడింది.

ఎదుట, ముక్కుకు జానెడు దూరంలో, రంగెరగని గోడ మీద విసనకర్రలన్నీ ఎడమకు వాలి ఉన్నాయి.

మేస్త్రీ వచ్చిన పని కూడా సగంలో ఆగిపోయింది. బొత్తాలు సరిచేసుకుని, కళ్లజోడు తుడుచుకుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలితో తడుముతూ నడిచాడు. పద్దెనిమిది అడుగులు. వెంట్రుకంత పగులు లేదు. పొక్కు లేదు. ఇక్కడో సంగతి చెప్పుకోవాలి. ముందు గోడ చెయ్యడం గొప్పేం కాదు. దానికి నీడ ఉంది, ఏడు రంగుల కోటు ఉంది, పైన కమాను గొడుగు ఉంది. ఈ గోడకు నూటపది ఏళ్లుగా ఊరి మగవాళ్లంతా ఉప్పునీళ్లు కొడుతున్నారు. మామూలు పూతైతే మూడేళ్లకు ఉప్పు పట్టి, అప్పడంలా ఉబ్బి రాలిపోతుంది. అదేం పాళ్లో, ఎన్నాళ్లు నానబెట్టిన సున్నమో, ఎన్నిసార్లు నొక్కాడో గానీ ఇది రాయై కూర్చుంది. పుర్రమేస్త్రీ తన జన్మలో అంతటి గోడ చెయ్యలేదు. ఆసుపత్రి వరండాను కూడా కలుపుకుని.

బయటికొచ్చి చూస్తే ఆ గోడ మీద ఎర్రరంగుతో పెద్ద అడ్డగుర్తు వేసి ఉంది.

"ఏంటిది?" అని కాపలావాణ్ని అడిగాడు.

"కొట్టేస్తున్నారు మేస్త్రీగారూ. ఉత్సవం అయిన మర్నాడే. ఇక్కడ వారసత్వ ఉద్యానవనమట."

"వారసత్వం కోసం దీన్ని కొట్టేస్తారా?"

"మరి చోటు కావాలి కదండీ వారసత్వానికి" అన్నాడు కాపలావాడు. వెటకారమేం కాదు, పైవాళ్లు తనకు చెప్పిందే చెప్పాడు.

ఇంట్లో ఈ కబురు విని భార్య పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికి ఆవిడ చాలానే కష్టపడింది. "ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల వాసన అని మా అమ్మ అంటుండేది. మీ వంశాన్ని చూసే పెట్టారన్నమాట ఆ సామెత."

"నవ్వు. నీ పుట్టింటివాళ్ల గోడ ఒక్కటి చూపించు, నూరేళ్లు ఉప్పు తిని నిలబడింది."

"మా వాళ్లు ఉప్పు తిన్నా నోటితోనే తిన్నారు."

కొడుకు తల పట్టుకున్నాడు. "నాన్నా, నీకు దణ్ణం పెడతాను. ముత్తాత మరుగుదొడ్డి కట్టాడని ఊరంతా చాటుతావా? నా బోర్డు కింద అదే రాయిస్తారు జనం. నోరు మూసుకుంటే మూడు రోజుల్లో ముందు గోడ మనదవుతుంది. ఆ వెనకది ఎలాగూ పోతుంది. రెండు తలనొప్పులూ ఒకేసారి వదుల్తాయి."

"తాతా, నువ్వేమంటావు?" అంది మనవరాలు.

మేస్త్రీ చేతిలో ముత్తాత తాపీ ఉంది. వాడి వాడి దాని ఒక మూల అరిగి, రేకు వెన్నెలంత పల్చనైంది. "ఇంకొకడి గోడకు మా ముత్తాత పేరు పెట్టి, మా ముత్తాత గోడను పలుగుతో కొట్టిస్తే, నా చేతికి ఇది ఎందుకు" అన్నాడు చివరికి. "పతకం మెళ్లో వేసుకుంటే బరువు తెలుస్తుందేమో గానీ రసమట్టం మీద నిలబడదు."

"అబ్బ, ఉపన్యాసం వేదిక దాకా ఆగలేదు" అంది భార్య. కానీ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా ఆవిడే తీసిచ్చింది.

కమిషనరమ్మ గదిలో కార్యదర్శి కాగితం, కలం సిద్ధంగా పెట్టాడు. మేస్త్రీ కలం ముట్టుకోలేదు.

"అమ్మా, ముందు గోడ మా వాళ్లది కాదు. మా వాళ్లది వెనకుంది."

"వెనక ఏముందండీ?" అంది ఆవిడ.

కార్యదర్శి దగ్గాడు. "అంటే... మేడమ్, అది... జెంట్స్..."

"మూత్రశాల అమ్మా" అన్నాడు మేస్త్రీ నిండు గొంతుతో. తలుపవతల నిలబడినవాళ్లకు కూడా వినబడింది.

"మేస్త్రీగారూ, ఎండకు తిరిగి అలిసిపోయినట్టున్నారు" అన్నాడు కార్యదర్శి. "నూరేళ్ల నుంచీ ముందు గోడే అంటున్నారు కదా మీరంతా. ఫలకం చెక్కేశాం. సన్మాన పత్రం అచ్చయింది. ఇప్పుడు మీ ముత్తాతగారిని అక్కడి నుంచి ఇక్కడికి ఎలా మార్చమంటారు?"

"నేను మార్చడం లేదు. మీ కాగితమే పని లక్షణాలు చూసి సంతకం పెట్టమంది. చూశాను. అందుకే పెట్టను."

కమిషనరమ్మ కుర్చీలోంచి లేచింది. "పదండి, చూద్దాం."

కాపలావాడు మూడుసార్లు ఈల ఊదాడు. లోపల్నుంచి నలుగురు పెద్దమనుషులు బొత్తాలు పెట్టుకుంటూ బయటికొచ్చి, ఎదురుగా కమిషనరమ్మను చూసి, దండం పెట్టాలో పరుగెత్తాలో తెలియక రెండూ చేశారు. ఆవిడ రుమాలు ముక్కుకు పెట్టుకుని లోపలికి నడిచింది. మేస్త్రీ టార్చి వేసి, వేలితో చూపించి, విసనకర్రల సంగతి చెప్పాడు.

"ఇలా ఎవరైనా తిప్పవచ్చు కదండీ?" అని అడిగింది ఆవిడ. తెలివైన ప్రశ్నే.

మేస్త్రీకి కావలసిందీ అదే. మనవరాలు బయట ఒక చెక్కపలక మీద సున్నం, ఇసుకల మాలు కలిపి సిద్ధంగా ఉంచింది. మేస్త్రీ తన పూతచెక్క తీసి కార్యదర్శి చేతిలో పెట్టాడు. "తిప్పండి బాబూ. ఎడమకు వాలేట్టు."

కార్యదర్శి కుడిచేత్తో తిప్పాడు, కుడికి వాలింది. మణికట్టు మెలితిప్పి తిప్పాడు. మాలు చొక్కా మీద పడింది. చెక్కను ఎడమచేతికి మార్చుకుని తిప్పాడు, కోడి గెలికినట్టయింది. అప్పుడు మేస్త్రీ అర నిమిషంలో జానెడు మేర నున్నగా లాగాడు. పక్కనే మనవరాలు ఇంకో జానెడు లాగింది. టార్చి వేస్తే ఆ రెండూ, లోపలి గోడా ఒకే చేతి మనుషులవని పసిపిల్లకైనా తెలిసేలా ఉంది.

కమిషనరమ్మ వంగి చూసి, "మన ఉత్సవ నిబంధనల్లో ఏముంది?" అంది.

కార్యదర్శి చొక్కా తుడుచుకుంటూ, చంకలోని దస్త్రం తెరిచి చిన్నగా చదివాడు: "'ఉత్సవానికి ముందు వారసుడు పని లక్షణాలతో గుర్తించి రాసిచ్చిన ఏ కట్టడాన్నీ కూల్చరాదు.'"

"ఏ కట్టడాన్నీ?"

"ఏ కట్టడాన్నీ అనే ఉందండి."

"ఎవరు రాశారిది?"

కార్యదర్శి మాలు పడని చోట కూడా చొక్కా తుడుచుకోవడం మొదలుపెట్టాడు. పాపం, మూత్రశాలకు కూడా ఒక వారసుడు బయల్దేరతాడని ఆయన మాత్రం ఎలా ఊహిస్తాడు?

మేస్త్రీ అక్కడికక్కడే, తన కుడిచేతి రాతతో, అర్జీ రాసిచ్చాడు. ఎవరికీ చదవడం రాలేదు. మనవరాలు కింద మళ్లీ రాసింది. ఎర్ర అడ్డగుర్తు మీద మధ్యాహ్నానికల్లా సున్నం కొట్టారు. ఉద్యానవనం రెండు గజాలు అవతలికి జరిగింది.

ఇక ముందు గోడ వారసుడు లేని అనాథ అయింది. అయితే ఎక్కువసేపు అలా ఉండలేదు. పొద్దున పదకొండింటికి ఖాళీ పడిన ముత్తాత స్థానానికి సాయంత్రం నాలుగింటికల్లా బేకరీ యజమాని వచ్చేశాడు. వాళ్ల తాతగారికి తండ్రి గొప్ప తాపీ పనివాడట, కుడిచేతివాడేనట, ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పుకునేవాళ్లేనట. మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదంటే, "గొప్పలు చెప్పుకోవడం మా వంశంలో లేదండి" అన్నాడు. పని లక్షణాలు పరిశీలించావా అంటే, పరిశీలించానన్నాడు. ఆయన జన్మలో పట్టుకున్న తాపీ ఏదైనా ఉందంటే అది కేకు మీద మీగడ పులిమేదే. సంతకం మాత్రం చక్కగా ఉంది.

ఉత్సవం రోజు మేస్త్రీ మూడో వరసలో కూర్చున్నాడు. అటు భార్య, ఇటు మనవరాలు. కొడుకు వేదిక దగ్గరికి రాలేదు, బోర్డు దించుతున్నాడు. బేకరీ ఆయన పతకం మెళ్లో వేసుకుని, తన నరనరాల్లోనూ సున్నం ప్రవహిస్తోందన్నాడు. జనం కళ్లొత్తుకున్నారు.

"ఆ పతకం నీ మెళ్లో ఉండాల్సింది" అంది భార్య, ముందుకు చూస్తూనే.

"బాధగా ఉందా?"

"నాకెందుకు? ఎక్కడ తగిలిస్తావో అని భయపడ్డాను. మేకు నిలిచే గోడ ఒక్కటైనా ఉందా మన ఇంట్లో?"

ముందు వరసలోంచి ఎవరో వెనక్కి తిరిగి, "మేస్త్రీగారూ, తమ వారసత్వానికి ఇప్పుడే వెళ్లొచ్చాం" అన్నాడు. చుట్టూ నవ్వారు. ఆయన వెంటనే, "నూరేళ్లుగా వస్తున్నారు కదా నాయనా, మీ తాతలు కూడా. ఒక్కరైనా గోడకు పగులు తేగలిగారా?" అన్నాడు. ఆ నవ్వు ఈసారి అటు మళ్లింది. ఆ తరవాత మరెవరూ వెనక్కి తిరగలేదు.

ఫలకం సంగతి మిగిలింది. ముత్తాత పేరుతో చెక్కింది కాబట్టి బేకరీ ఆయనకు పనికిరాదు, పారెయ్యడానికి కార్యదర్శికి మనసొప్పలేదు. "ఎక్కడ పెట్టమంటారు?" అని విసుగ్గా అడిగాడు. "ఎక్కడి గోడ ఫలకం అక్కడ" అన్నాడు మేస్త్రీ. వారం తిరక్కుండా తాతా మనవరాలూ కలిసి దాన్ని లోపలి గోడకు, నిలబడ్డ మనిషి కంటికి సరిగ్గా ఎదురుగా, రసమట్టం పెట్టి మరీ బిగించారు. ముత్తాత పూతకు దెబ్బ తగలకుండా మేకు ఒక్కటీ దించకుండా సున్నపు మాలుతోనే అంటించారు.

టౌన్‌హాలు ముందు భాగంలో ఇప్పుడు పన్నెండు ఫలకాలున్నాయి. వాటి పక్క నుంచి జనం ఫోన్లు చూసుకుంటూ పోతుంటారు. వెనక ఉన్నదొక్కటే. అక్కడికొచ్చినవాడు ఎంత గొప్పవాడైనా గోడవైపు తిరిగి నిలబడాలి, పని అయ్యేదాకా కదలకూడదు, చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి ఫోను చూసుకోలేడు. మూడంగుళాల అక్షరాలు ముక్కుకెదురుగా ఉంటాయి. బేకరీ ఆయనే రోజుకు రెండుసార్లు చదువుతాడు.

పుర్రమేస్త్రీ సాయంత్రాలు కొత్త ఉద్యానవనంలో, ఆ గుమ్మం కనబడే బల్ల మీద కూర్చుంటాడు. గబుక్కున వెళ్లి గబుక్కున బయటికొచ్చే కుర్రాళ్లను చూసి, శ్రద్ధ లేని తరమని పెదవి విరుస్తాడు. తన వయసువాళ్లు లోపలికెళ్లి ఐదు నిమిషాలకు గానీ బయటికి రారు. "చూశావా, పెద్దవాళ్లు పెద్దవాళ్లే. మొదటి నుంచి చివరి దాకా చదివి గానీ కదలరు" అంటాడు మనవరాలితో. ఆ వయసులో ఆలస్యానికి వేరే కారణం ఉంటుందని ఆ పిల్లకు తెలుసు. చెప్పదు.